పిల్లాడికి దెబ్బ తగిలింది, బండి ఎటు తిప్పాలి?

చిన్నపిల్లలున్న ఇంట్లో ఒక ప్రశ్నకి జవాబు ముందే తెలిసి ఉండాలి. ఏదైనా జరిగితే ఎక్కడికి పరుగెత్తాలి? చాలా ఇళ్ళలో దీనికి ఒకటే జవాబు ఉంటుంది. "మా పిల్లల డాక్టర్ గారి దగ్గరికి" అంటారు, లేదా "ఊళ్ళో పెద్ద హాస్పిటల్‌కి" అంటారు. రెండూ కొన్నిసార్లు సరైనవే, కొన్నిసార్లు గంటలు మింగేసేవే. పాము కరిచిన బిడ్డకి అద్దాల భవనం కన్నా మండల కేంద్రంలోని సర్కారు దవాఖానా మేలు కావచ్చు. బటన్ బ్యాటరీ మింగిన బిడ్డకి ఎంత పేరున్న డాక్టరైనా తన క్లినిక్‌లో కూర్చుని చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆ దెబ్బకి కావాల్సిన మనిషి, మందు, మిషను ఎక్కడున్నాయన్నదే లెక్క.

నేను డాక్టర్ని కాను. ఇద్దరు పిల్లల్ని పెంచుతూ, బంధువుల్లో ఉన్న డాక్టర్లని విసిగించి, పుస్తకాలు తిరగేసి పోగేసిన సంగతులివి. ఐదేళ్ళలోపు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. బిడ్డకి స్పృహ లేదు, ఊపిరి ఆడటం లేదు, ఫిట్స్ వస్తున్నాయి, నొక్కి పట్టినా రక్తం ఆగడం లేదు అంటే కింద రాసిన పోలికలేవీ అక్కర్లేదు. 108 కి ఫోన్ చేయాలి, దగ్గర్లో ఆక్సిజన్ ఉన్న ఏ ఆసుపత్రికైనా వెళ్ళాలి. మిగతా అన్ని సందర్భాల్లో ఆలోచించడానికి రెండు నిమిషాలు దొరుకుతాయి.

ఏ దారిలో ఏం దొరుకుతుంది

ఇంట్లోనే ఉండి కనిపెట్టుకుని చూడటం కూడా ఒక దారే, దాన్ని తీసిపారేయకూడదు. పడి లేచే దెబ్బల్లో ఎక్కువ భాగం కాసేపు ఎత్తుకుని తిప్పితే పోయేవే. కానీ ఇంట్లో చూడటమంటే మంచం మీద పడుకోబెట్టి మన పని మనం చేసుకోవడం అని కాదు. ఒక పెద్దమనిషి ఆ పూట పిల్లాడి మీదే కన్నేసి ఉండాలి. ఇంట్లో అలాంటి మనిషి లేకపోతే ఈ దారి లేనట్టే.

వీధి చివర క్లినిక్ అంటే కొన్నిచోట్ల ఎంబీబీఎస్ డాక్టర్, చాలా ఊళ్ళలో ఆర్‌ఎంపీ. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేస్తాడు, డబ్బులు రేపివ్వమంటాడు. ఆ మంచితనాన్ని నేను కాదనను. మోకాలు గీరుకుపోతే కడిగి కట్టు కట్టించుకోవడానికి అంతకన్నా సుఖమైన చోటు లేదు. ఎముక విరిగిందో లేదో చేత్తో నొక్కి చెప్పడం మొదలుపెడితే మాత్రం, దండం పెట్టి అక్కణ్ణించి బయల్దేరాలి.

పిల్లల డాక్టర్ నడిపే నర్సింగ్ హోమ్‌లో ఉన్న లాభం మన బిడ్డ సంగతి వాళ్ళకి తెలియడం. బరువెంత, ఏ టీకాలు పడ్డాయి, ఏ మందు పడదు అన్నీ రాసి ఉంటాయి. పగటిపూట చిన్న గాయాలకీ, అనుమానం తీర్చుకోవడానికీ నా మొదటి ఓటు దీనికే. రాత్రికి కథ మారుతుంది. బోర్డు మీద 24 గంటలు అని ఉన్నా, ఉండేది డ్యూటీ డాక్టరే, పెద్ద డాక్టర్ ఫోన్లో ఉంటారు. ఇంకో మెలిక ఉంది. బోర్డు మీద ఎన్ఐసీయూ అని పెద్ద అక్షరాలు చూసి పిల్లలకి అన్ని సదుపాయాలూ ఉన్నాయనుకుంటాం. అది అప్పుడే పుట్టిన బిడ్డలకి. రెండేళ్ళ పిల్లాడి పరిస్థితి విషమిస్తే కావాల్సింది పీఐసీయూ, అంటే పిల్లల ఐసీయూ.

కార్పొరేట్ ఆసుపత్రి ఎమర్జెన్సీలో రాత్రంతా సీటీ స్కాన్ ఉంటుంది, ల్యాబ్ ఉంటుంది, ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూడటం) చేసేవాళ్ళని పిలిపిస్తారు. ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు. ఇక్కడ కూడా ఒకటి చూసుకోవాలి. పెద్దవాళ్ళ గుండె ఆపరేషన్లకి పేరు మోసిన చోట పిల్లల సర్జన్, పీఐసీయూ ఉండాలనేం లేదు. పిల్లలకే ప్రత్యేకించిన పెద్ద ఆసుపత్రి ఊళ్ళో ఉంటే, ఖర్చు భరించగలిగితే, తీవ్రమైన వాటికి అది సరైన చోటు.

ఇక ప్రభుత్వాసుపత్రి. మధ్యతరగతి వాళ్ళం ఈ దారిని బుర్రలోంచే తీసేశాం. కానీ విషం మింగిన కేసులు, పాము కాట్లు, కుక్క కాట్లు రోజూ చూసి చూసి చేయి తిరిగిన వాళ్ళుండేది అక్కడే. హైదరాబాద్‌లో నీలోఫర్ 1953 నుంచి పిల్లలకి పెట్టింది పేరు. విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, వరంగల్ ఎంజీఎం, తిరుపతి రుయా, కర్నూలు పెద్దాసుపత్రి, వీటన్నిటికీ మెడికల్ కాలేజీలు అనుబంధంగా ఉన్నాయి. అందుకే రాత్రి రెండు గంటలకి కూడా పీజీ డాక్టర్లు మెలకువగా ఉంటారు. రద్దీ ఉంటుంది, మంచం దొరక్కపోవచ్చు, ఎవర్నడగాలో తెలియక కాళ్ళరిగేలా తిరగాల్సి రావచ్చు. ఇవన్నీ నిజమే. బెడ్డు మీద దుప్పటి ముఖ్యమా, బీరువాలో మందు ముఖ్యమా అన్నది దెబ్బని బట్టి తేల్చుకోవాలి.

తలకి దెబ్బ తగిలితే

తల్లిదండ్రులకి అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. మంచం మీంచి దొర్లాడు, సోఫా మీంచి దూకాడు, బొప్పి కట్టింది. వెంటనే గట్టిగా ఏడ్చాడంటే సగం ధైర్యం. ఏడ్చి, ఊరుకుని, పాలు తాగి, బొమ్మ కోసం చేయి చాపితే ముప్పాతిక ధైర్యం.

రెండేళ్ళలోపు పిల్లల్లో బొప్పి ఎక్కడుందన్నది ముఖ్యం. నుదుటి మీద కట్టిన బొప్పి చూడ్డానికి భయంగా ఉన్నా చాలాసార్లు ప్రమాదం తక్కువ. చెవి పైన, పక్కన, వెనక మెత్తగా ఉబ్బితే లోపల ఎముక చిట్లి ఉండొచ్చు. మూడడుగులు దాటిన ఎత్తు నుంచి పడినా, కొన్ని క్షణాలపాటు స్పృహ తప్పినా, "వీడు రోజూలా లేడే" అని తల్లికి అనిపించినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. ఈ చివరిది నేను కలిపింది కాదు. అమెరికాలో 42,000 మందికి పైగా పిల్లల్ని పరిశీలించి 2009లో ప్రచురించిన, తలకి దెబ్బ తగిలిన పిల్లల్లో ఎవరికి స్కాన్ కావాలో తేల్చే పెకార్న్ నియమాల్లో "తల్లిదండ్రుల కంటికి మామూలుగా లేడు" అన్నది ఒక అంశం. రెండేళ్ళు దాటిన వాళ్ళకి ఎత్తు లెక్క ఐదడుగులు, దానికి వాంతులు, తీవ్రమైన తలనొప్పి కలుస్తాయి. ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటిదో రక్తమో కారితే, మాడు ఉబ్బితే అసలు ఆగొద్దు. మూడు నెలల్లోపు పసిగుడ్డు పడితే ఏ లక్షణం లేకపోయినా డాక్టర్‌కి చూపించడమే నయం.

ఎక్కడికి? పైవేవీ లేకపోతే ఇల్లు, లేదా మీ పిల్లల డాక్టర్. పైవాటిలో ఒక్కటున్నా సీటీ స్కానూ మెదడు సర్జనూ ఒకే చోట ఉన్న ఆసుపత్రి. నర్సింగ్ హోమ్‌లో ఆగి, అక్కడ సెలైన్ పెట్టించుకుని, స్కాన్ సెంటర్‌కి వెళ్ళి, రిపోర్టుతో మూడో చోటికి వెళ్ళడం చూస్తుంటాం. ఆ తిరుగుడు మానాలి. హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగంలో అయితే ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలో మెదడు సర్జరీ విభాగాలున్నాయి.

స్కాన్ గురించి ఒక మాట. డాక్టర్ "నాలుగైదు గంటలు ఇక్కడే ఉంచండి, చూద్దాం" అంటే తప్పించుకుంటున్నాడని అనుకోకండి. సీటీలో రేడియేషన్ ఉంటుంది, పసిమెదడుకి అది ఊరికే ఇచ్చేది కాదు. కనిపెట్టి చూడటం కూడా వైద్యమే. "స్కాన్ తీయకుండా పంపేశారు" అని బంధువులు రుసరుసలాడతారు, ఆడనివ్వండి.

పడుకోనివ్వకూడదంటారు కదా? నిద్ర వేళైతే పడుకోనివ్వచ్చు. మధ్యలో లేపి చూడాలి. చిరాకుపడి మళ్ళీ పడుకుంటే మంచిదే, లేపినా లేవకపోతే బయల్దేరాలి.

కాలినప్పుడు

మన ఇళ్ళలో నేల మీద దించిన సాంబారు గిన్నె, కాగిన పాలు, స్నానానికి బకెట్లో పెట్టిన హీటర్ రాడ్. కాలిన వెంటనే ఎక్కడికి వెళ్ళాలన్నది రెండో ప్రశ్న. మొదటిది కొళాయి. మామూలు చన్నీళ్ళు ధారగా 20 నిమిషాలు. ఐసు వద్దు. టూత్‌పేస్ట్, ఇంకు, దోసె పిండి, గుడ్డు సొన ఏదీ వద్దు, అవి పూస్తే ఆసుపత్రిలో వాటిని గీకి తీసేటప్పుడు బిడ్డ పడే బాధ రెండింతలు. ఈ 20 నిమిషాలు వృథా కావు, కాలిన లోతు తగ్గేది ఇక్కడే. పసిబిడ్డ అయితే మిగతా ఒళ్ళు చల్లబడకుండా తువ్వాలు కప్పి ఉంచాలి.

ఆ తర్వాత కొలత. బిడ్డ అరచెయ్యి వేళ్ళతో కలిపి ఒంట్లో సుమారు ఒక శాతం. అంతకన్నా చిన్నగా, ఎర్రగా ఉంటే పిల్లల డాక్టర్ చాలు. అరచెయ్యంత దాటి బొబ్బలెక్కినా, మొహం, చేతులు, పాదాలు, కీళ్ళు, మర్మావయవాల దగ్గర కాలినా, కరెంటుతో కాలినా ప్లాస్టిక్ సర్జన్ ఉన్న ఆసుపత్రికి. పెద్ద కాలిన గాయాలకి నా ఓటు బోధనాసుపత్రికే, అంటే మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వాసుపత్రికే. ఉస్మానియా, కేజీహెచ్ లాంటి చోట్ల వీటికి ప్రత్యేక వార్డులున్నాయి. వారాల తరబడి డ్రెస్సింగులు, ఒక్కోసారి చర్మం అతికించడం ఉంటుంది. ప్రైవేటులో మొదలుపెట్టి డబ్బు అయిపోయాక మధ్యలో మార్చడం కన్నా మొదటి రోజే అక్కడికి వెళ్ళడం తెలివైన పని.

నోట్లో పెట్టుకున్నవి, మింగినవి

ఈ భాగం కాస్త ఓపిగ్గా చదవండి. ఎంపిక తప్పితే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. బిడ్డ పైకి బాగానే కనిపిస్తుంది కాబట్టి, "చూద్దాంలే" అనుకోవడం చాలా సులువు.

రూపాయి బిళ్ళ మింగితే మన పెద్దవాళ్ళు అరటిపళ్ళు తినిపిస్తారు. బిళ్ళ కడుపులోకి దిగిపోయి ఉంటే తినిపించినా తినిపించకపోయినా చాలావరకు అదే బయటికొస్తుంది. అన్నవాహికలో ఇరుక్కుంటే అరటిపండు దాన్ని తొయ్యదు, పైగా మత్తిచ్చి తీయాల్సి వచ్చినప్పుడు నిండు కడుపు అడ్డం. అందుకని ముందు ఎక్స్‌రే. చొంగ కారుతున్నా, మింగలేకపోతున్నా, ఆయాసపడుతున్నా ఎండోస్కోపీ ఉన్న పెద్ద ఆసుపత్రికి. హాయిగా ఆడుకుంటుంటే ఎక్స్‌రే ఉన్న ఏ నర్సింగ్ హోమైనా సరిపోతుంది.

బిళ్ళ అనుకున్నది బటన్ బ్యాటరీ అయితే గడియారం మొదలైనట్టే. రిమోట్లు, లైట్లు వెలిగే బొమ్మలు, బరువు చూసే మిషన్లు, పాటలు పాడే గ్రీటింగ్ కార్డులు, అన్నిట్లోనూ ఇవే. అన్నవాహికలో ఇరుక్కున్న బ్యాటరీ రెండు గంటల్లోనే లోపలి కణజాలాన్ని కాల్చేయగలదు. ఎక్స్‌రేలో అంచున రెండు వలయాలు కనిపిస్తాయి, నాణేనికి అలా ఉండదు. దీనికి మధ్యలో ఆగే పనే లేదు. పిల్లలకి ఎండోస్కోపీ చేసే ఆసుపత్రికి ఫోన్ చేసి, "బటన్ బ్యాటరీ, బయల్దేరాం" అని చెప్పి నేరుగా వెళ్ళాలి. ఏడాది నిండిన బిడ్డ మింగగలుగుతుంటే, మింగి 12 గంటలు దాటకపోతే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె, ఆరు సార్లకి మించకుండా ఇవ్వచ్చు. తేనె కొనడానికి మాత్రం ఆగకూడదు. ఏడాదిలోపు బిడ్డకి తేనె పనికిరాదు. వాంతి చేయించకూడదు. ముక్కులో దూర్చుకున్న బ్యాటరీ కూడా ఇంతే అత్యవసరం. ముక్కులో పూసో బఠాణీయో అయితే తొందర లేదు, కెలక్కుండా ఈఎన్‌టీ క్లినిక్‌కి వెళ్తే చాలు, ఎమర్జెన్సీకి డబ్బు పోయక్కర్లేదు.

ఒకటికి మించి అయస్కాంతాలు మింగితే కూడా పెద్ద ఆసుపత్రే. పేగుల మడతల్ని మధ్యలో ఇరికించి అవి ఒకదాన్నొకటి అతుక్కుంటాయి, ఆ చోట పేగు చిల్లుపడుతుంది.

ఇక విషాలు. పూజ గదిలో కర్పూరం బిళ్ళ, చూడ్డానికి చక్కెర పలుకులా ఉంటుంది. కొద్దిగా తిన్నా గంట రెండు గంటల్లోనే ఫిట్స్ రావచ్చు, ఇంట్లో చూసే విషయం కాదు. కిరోసిన్, పెయింట్ థిన్నర్, దోమల మందు రీఫిల్ లాంటివి తాగినప్పుడు అసలు ప్రమాదం ఊపిరితిత్తులకి. వాంతి చేయిస్తే ఆ ప్రమాదాన్ని మనమే పెంచినట్టు. ఎక్స్‌రే తీసి కనీసం ఆరు గంటలు కనిపెట్టుకునే చోటికి వెళ్ళాలి. బాత్రూం కడిగే యాసిడ్ తాగితే నోరు కడిగి, ఏమీ తాగించకుండా, ఎండోస్కోపీ ఉన్న చోటికి. ఉప్పునీళ్ళు, పచ్చిగుడ్డు, నిమ్మరసం ఇవ్వడం వీటిలో దేనికీ వద్దు.

ఎలుకల పేస్టు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన రెండు రాష్ట్రాల్లో ఎల్లో ఫాస్ఫరస్ ఉన్న పేస్టు ప్రాణాలు తీసిన కథలు పేపర్లలో చదువుతూనే ఉంటాం. దీనిలో మోసం ఏమిటంటే మొదటి రోజు రెండు వాంతులై బిడ్డ తేరుకున్నట్టే ఉంటుంది. ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. "నర్సింగ్ హోమ్‌లో ఒక పూట ఉంచాం, బాగానే ఉన్నాడు, తెచ్చేశాం" అనేది ఇక్కడ పెద్ద తప్పు. ప్యాకెట్ చేత్తో పట్టుకుని నేరుగా బోధనాసుపత్రికో పీఐసీయూ ఉన్న పెద్ద ఆసుపత్రికో వెళ్ళాలి.

తాతయ్య నానమ్మల మాత్రల డబ్బా ఇంకో గండం. షుగర్‌కి వాడే గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ లాంటి మాత్ర ఒక్కటి మింగినా రెండేళ్ళ పిల్లాడి రక్తంలో చక్కెర గంటల తర్వాత కూడా పడిపోవచ్చు, రాత్రంతా ఆసుపత్రిలో ఉంచాల్సి వస్తుంది. బీపీ మాత్రలూ అంతే. గర్భిణికి ఇచ్చే ఐరన్ మాత్రలు, ఎర్రగా జెమ్స్ బిళ్ళల్లా ఉండేవి, నాలుగైదు మింగితే చిన్న విషయం కాదు.

ఏది ఎంత తీవ్రమో తెలియనప్పుడు ఒక దారుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117. రాత్రీ పగలూ మాట్లాడతారు. మీ ఊరి డ్యూటీ డాక్టర్‌తో కూడా మాట్లాడించవచ్చు, అది చాలామందికి తెలియదు.

పొలమారడం కాదు, అడ్డం పడటం

గట్టిగా దగ్గుతున్నంతసేపు దగ్గనివ్వాలి. దగ్గు ఆగి, గొంతు రాక, పెదాలు నల్లబడుతుంటే ఎక్కడికీ వెళ్ళే టైం లేదు, ఇంట్లో ఉన్నవాళ్ళే డాక్టర్లు. ఏడాదిలోపు బిడ్డని తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు, తిప్పి ఛాతీ మధ్య రెండు వేళ్ళతో ఐదు నొక్కులు. పెద్ద పిల్లలకి ఐదు వీపు దెబ్బలు, తర్వాత వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైన లోపలికీ పైకీ ఐదు నొక్కులు. అడ్డం పడ్డది బయటపడేదాకా ఇలాగే మార్చి మార్చి చేయాలి. కనబడని దాని కోసం నోట్లో వేలు పెట్టి వెతక్కండి, ఇంకా లోపలికి పోతుంది. ఇంకొకరు 108 కి ఫోన్ చేయాలి.

ఎంపిక ప్రశ్న వచ్చేది దీని తర్వాత. వేరుశనగ పప్పు తింటూ ఒకసారి ఉక్కిరిబిక్కిరై, దగ్గి, మామూలైపోయాడు. నాలుగు రోజులకి పిల్లికూతలు, జ్వరం. వీధి క్లినిక్‌లో ఉబ్బసం మందులు, నెబ్యులైజర్. వారాలు గడుస్తాయి. పప్పు ముక్క ఎక్స్‌రేలో కనబడదు, కాబట్టి "ఎక్స్‌రే బాగుంది" అన్న మాటతో తృప్తిపడకూడదు. ఆ మొదటి ఉక్కిరిబిక్కిరి సంగతి డాక్టర్‌కి మనమే చెప్పాలి. పిల్లలకి బ్రాంకోస్కోపీ (ఊపిరి గొట్టంలోకి కెమెరా దించి చూడటం) చేసే చోటికే వెళ్ళాలి. చింతగింజ, సీతాఫలం గింజ, సపోటా గింజ, అన్నిటికీ ఇదే వరస.

కుక్క, పాము, తేలు

ఈ మూడింటికీ నా సలహా సూటిగా చెప్తాను. ముందు ప్రభుత్వాసుపత్రి.

కుక్క కరిస్తే మొదట ఇంట్లోనే సబ్బుతో, కొళాయి ధార కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. రేబిస్ టీకా ప్రభుత్వంలో ఉచితం, చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. ప్రైవేటులో కండకి ఇచ్చే పద్ధతైతే 0, 3, 7, 14, 28. రక్తం వచ్చిన కాటుకి టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు కాపాడే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా ఇవ్వాలి. చిన్న చోట్ల దొరకనిది ఇదే. అక్కడ టీకా మొదటి డోసు వేయించుకుని, ఇమ్యునోగ్లోబులిన్ కోసం అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఆ రోజు కుదరకపోతే ఏడు రోజుల్లోపు. హైదరాబాద్ వాళ్ళకి నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, నారాయణగూడ ఐపీఎం తెలిసినవే. మొహం మీద కాటైతే ప్లాస్టిక్ సర్జన్ కోసం కార్పొరేట్‌కి పరుగెత్తాలనిపిస్తుంది. వెళ్ళండి, కానీ ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వకుండా కుట్లు వేయనివ్వకండి.

పాము కరిస్తే గట్టిగా తాడు కట్టడం, కోయడం, నాటు మందు, మంత్రం అన్నీ పక్కన పెట్టి, కరిచిన కాలు కదలకుండా చూసి, విరుగుడు మందున్న దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పిల్లలకీ పెద్దలకీ డోసు ఒకటే. నేల మీద పడుకున్న బిడ్డ అర్ధరాత్రి కడుపునొప్పి అని లేచి, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతుంటే కట్లపాముని అనుమానించాలి, కాటు గుర్తు కనబడకపోయినా సరే. ఇక్కడ రెండు మజిలీలు తప్పకపోవచ్చు. మొదట విరుగుడు, తర్వాత వెంటిలేటర్ ఉన్న చోటు.

తేలు కుడితే పెద్దవాళ్ళకి నొప్పి, పసివాళ్ళకి ప్రాణగండం. ఎర్రతేలు విషం గుండెని దెబ్బతీస్తుంది. ఒళ్ళంతా చెమట, చల్లబడ్డ కాళ్ళూ చేతులు, వాంతులు గుర్తులు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ అనే చవకైన బీపీ మాత్ర దీనికి ఎంత బాగా పనిచేస్తుందో చూపించాక మరణాలు బాగా తగ్గాయి. "ప్రాజోసిన్ ఉందా?" అని పేరు పెట్టి అడగండి.

చెయ్యి కదపటం లేదు

రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టి లాగాం, లేదా రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పాం. అప్పట్నించీ చెయ్యి వేలాడేసుకుని ఉన్నాడు, వాపు లేదు. ఇది చాలాసార్లు మోచేతి దగ్గర ఎముక కొంచెం జారడం. తెలిసిన డాక్టర్ క్షణంలో సరిచేస్తారు, కాసేపటికే ఆ చేత్తో బిస్కెట్ అందుకుంటాడు. పిల్లల డాక్టరో ఎముకల డాక్టరో చాలు.

పడి, మోచెయ్యి వాచిందంటే అది వేరు. మోచేతి పైన ఎముక విరగడం పిల్లల్లో ఎక్కువ, అక్కడే రక్తనాళం, నరాలు పోతుంటాయి. పుత్తూరు నాటు కట్టు మీద మనవాళ్ళకున్న నమ్మకం నాకు తెలుసు, తమిళనాడు నుంచి కూడా జనం వస్తారు. ముంజేతి ఎముక సన్నగా విరిగితే కట్టు కట్టించుకుని బాగుపడ్డవాళ్ళు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. కానీ వాచిన మోచేతికి ఏ కట్టైనా బిగుతైతే రక్తం ఆగి, వేళ్ళు శాశ్వతంగా ముడుచుకుపోయే ప్రమాదం ఉంది. కాబట్టి పసిపిల్లల మోచేతికి ఎముకల డాక్టర్ తప్ప వేరే దారి నేను చెప్పను. కట్టు ఎవరు కట్టినా సరే, వేళ్ళు చల్లబడి, నల్లబడి, కదిపితే కెవ్వుమంటుంటే అర్ధరాత్రైనా విప్పించాలి.

బైకు చక్రంలో మడమ పడటం మన ఊళ్ళలో మామూలు. పైకి చిన్న గీతలా ఉండి, నాలుగు రోజులకి చర్మం నల్లబడి ఊడిపోతుంది. దీన్ని ఆర్‌ఎంపీ కట్టుతో వదిలేయొద్దు. ఎక్స్‌రే కావాలి, సర్జన్ చూడాలి.

108 మేలా, సొంత బండి మేలా

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైనప్పటి నుంచి 108 ఉచితమే. అందులో ఆక్సిజనూ, శిక్షణ పొందిన టెక్నీషియనూ ఉంటారు. స్పృహ లేకపోయినా, ఆయాసం ఉన్నా, ఫిట్స్ వస్తున్నా, రోడ్డు ప్రమాదంలో మెడకి దెబ్బ తగిలిందనిపించినా 108. బిడ్డ ఏడుస్తూ, ఊపిరి బాగా తీసుకుంటూ, ఆసుపత్రి పది నిమిషాల దూరంలో ఉంటే కారో ఆటోనో త్వరగా చేరుస్తుంది. ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, నడిపేవాడు వెనక్కి చూడకూడదు. స్పృహలేని బిడ్డని బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్ళడం మాత్రం వద్దు.

డబ్బు, కాగితాలు

ఇన్సూరెన్స్ ఉందని ధైర్యంగా వెళ్తాం. చాలా పాలసీల్లో అడ్మిట్ అయితేనే క్యాష్‌లెస్, ఎమర్జెన్సీలో చూసి పంపేస్తే బిల్లు మన జేబుదే. ఆరోగ్యశ్రీ కార్డున్నవాళ్ళు, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్యసేవ వాళ్ళు, నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని ముందే కలవాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకి పెరిగింది. సందేహముంటే 104.

కాలిన గాయం, విషం, యాక్సిడెంట్ అనగానే ఆసుపత్రి వాళ్ళు ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, పోలీసులకి తెలియజేసే కాగితం) రాస్తారు. పోలీసు అనే మాట వినగానే కొందరు బిడ్డని ఎత్తుకుని ఇంకో చోటికి బయల్దేరతారు. అది మామూలు కాగితం పని, జరిగింది జరిగినట్టు చెప్పండి. పోలీసు కాగితాల పేరుతో వైద్యం ఆపడానికి వీల్లేదని పర్మానంద్ కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అది ప్రైవేటు డాక్టర్లకీ వర్తిస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి లెక్క కొంచెం వేరు. కుట్లకీ, ఎముక చిన్నగా విరిగినప్పుడూ అర్జెంట్ కేర్ చవక, తీవ్రమైన వాటికి పిల్లల ఆసుపత్రి ఈఆర్ (ఎమర్జెన్సీ). మింగిన వాటికి ముందు పాయిజన్ కంట్రోల్, 1-800-222-1222. ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగిన వారం మరీ జాగ్రత్త, వాళ్ళ మాత్రల సంచిలో పిల్లలు తెరవలేని మూతలుండవు.

ఈ వారంలో చేయాల్సిన ఫోన్లు

మీ ఇంటి నుంచి అరగంట దూరంలో ఉన్న మూడు ఆసుపత్రులకి ఏమీ జరగనప్పుడే ఫోన్ చేయండి. "రాత్రి పూట పిల్లల డాక్టర్ ఆసుపత్రిలోనే ఉంటారాండీ, పిలిస్తే వస్తారా? పీఐసీయూ ఉందా? రెండేళ్ళ పిల్లలకి ఎండోస్కోపీ చేస్తారా? సీటీ రాత్రి నడుస్తుందా? పాము మందు, రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ ఉన్నాయా?" రిసెప్షన్‌లో అమ్మాయికి తెలియకపోతే ఎమర్జెన్సీకి కలపమనండి. ఒక్కరు విసుక్కుంటారు, ఇద్దరు చెప్తారు. జవాబులు ఒక కాగితం మీద రాసి, బిడ్డ బరువు, పడని మందులు, టీకాల కార్డు ఫొటోతో పాటు ఇంట్లో అందరి ఫోన్లలోనూ పెట్టండి. పగలు పిల్లాణ్ణి చూసుకునే అమ్మమ్మ ఫోన్లో, పనిమనిషి ఫోన్లో కూడా.